తీసుకున్న తెర తిరిగివ్వరా?

పరాయి సొమ్ము వాడుకోవడానికి మనవాళ్ళకు ఏనాడూ మొహమాటం లేదు. వాడుకున్నాక ఉన్నది ఉన్నట్టు తిరిగి పెట్టాలంటేనే చేతులు రావు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేదీ మనుషులే కాబట్టి వాటికీ అదే గుణం అబ్బింది. టెర్మినల్ అనే నల్లటి కిటికీని ఒక ప్రోగ్రాము చేతిలోకి తీసుకుంటుంది, తన వీలుకొద్దీ మార్చుకుంటుంది. మధ్యలో ఇంకో ప్రోగ్రామును పిలుస్తుంది. ఆ వచ్చింది ఇంకో రెండు మరలు తిప్పుతుంది. చివరికి ఇద్దరిలో ఎవరో ఒకరు అర్ధాంతరంగా చస్తారు. మిగిలేది ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేని తెర, దాని ముందు కూర్చున్న మనిషి.

అనంతపురం చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకైనా పోయి ఓ గంట కూర్చోండి. ఈ తంతు కళ్ళారా చూడొచ్చు. ఒక పిల్లాడు చెయ్యెత్తుతాడు.

"సార్, టైపు చేస్తాండా, ఒక్క అక్షరమూ కనపడల్యా."

సారు లేవడు. "క్లోజ్ చేసి ఇంకోటి ఓపెన్ చేసుకో పో."

అంతే. రోగం ఏమిటని పిల్లాడు అడగడు, సారు చెప్పడు. కిటికీ మూసుకుంది, కొత్త కిటికీ తెరుచుకుంది, రికార్డు పుస్తకంలో సంతకం పడింది. నాలుగేళ్ళ బీటెక్‌లో ఇంతకన్నా గట్టిగా మనసుకు పట్టే పాఠం ఇంకోటి ఉండదు: చెడిపోయిందాన్ని బాగుచేయడం మన పని కాదు, కొత్తది తెరవడమే మన పని. ఈ పాఠం పిల్లలకు ల్యాబులోనే తగులుతుందని అనుకోకండి. ఈ కరువు సీమలో పుట్టినవాడికి అది ఉగ్గుపాలతోనే వస్తుంది. ఎట్లాగో కాస్త ఆగి చెప్తాను.

ముందు ఆ పిల్లాడి తెర సంగతి. మీట నొక్కగానే ఆ అక్షరం తిన్నగా ప్రోగ్రాము చేతికి పోదు. మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, కెర్నెల్, ఉంది. నొక్కిన అక్షరాన్ని తెర మీద చూపించేది అదే. దీన్నే ఎకో అంటారు. తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే చెరిపేది అదే. ఎంటర్ కొట్టేదాకా లైనంతా తన దగ్గర పట్టుకుని, కొట్టాక ఒక్కసారిగా ప్రోగ్రాముకు అందించేదీ, కంట్రోల్-సి కొడితే నడుస్తున్నదాన్ని ఆపమని సిగ్నల్ పంపేదీ కూడా అదే. ఈ ఏర్పాటుకు కుక్‌డ్ మోడ్ అని పేరు. 1963లో వచ్చిన టెలిటైపు మోడల్ 33 లాంటి యంత్రాల కాలం మర్యాద ఇది. సెకనుకు పది అక్షరాలు కాగితం మీద టకటకా కొట్టే యంత్రానికి లైను తర్వాత లైను నడిస్తే చాలు. యూనిక్స్‌లో టెర్మినల్‌ను ఇప్పటికీ టీటీవై అనడం ఆ టెలిటైపు చలవే.

1976లో బెర్కిలీలో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ మొదలుపెట్టే నాటికి కాగితం పోయి తెరలు వస్తున్నాయి. 1978లో డెక్ కంపెనీ వీటీ100 తెచ్చింది, లైనుకు 80 అక్షరాలు, 24 లైన్లు. తెర నిండా రాసే ప్రోగ్రాముకు ఎంటర్ దాకా ఆగే ఓపిక ఉండదు. 'జె' నొక్కగానే కర్సర్ ఒక లైను కిందికి దిగాలి. అందుకని అది కెర్నెల్‌తో, "నువ్వు పక్కకు జరుగు. నొక్కిన ప్రతి మీటా నాకే ఇయ్యి. తెర మీద నువ్వేమీ చూపించొద్దు, నేనే చూసుకుంటా" అంటుంది. ఇది రా మోడ్. ఇట్లా అడగడంలో తప్పేమీ లేదు. వెళ్ళేటప్పుడు చేసే నిర్వాకంలోనే ఉంది తప్పంతా.

ఈ అమరిక ప్రోగ్రాముది కాదు, టెర్మినల్‌ది. కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక ప్రోగ్రాము చస్తే కెర్నెల్ దినకర్మలన్నీ శ్రద్ధగా జరిపిస్తుంది. వాడిన మెమరీ వెనక్కి తీసుకుంటుంది, తెరిచిన ఫైళ్ళు మూస్తుంది, వేసిన తాళాలు విప్పుతుంది. టెర్మినల్ అమరికను మాత్రం వేలితో కూడా ముట్టదు. అది చచ్చినవాడి సొంత ఆస్తి కాదు మరి, ఆ టెర్మినల్ మీద నడిచే అందరిదీ. జూలైలో పదునైన రోజున చిన్నాయన దగ్గర విత్తే మిషన్ అడిగి తెచ్చుకున్నావు. కంది కోసం దాని పళ్ళేలు మార్చుకున్నావు. పని కాగానే అట్లాగే తీసుకుపోయి ఆయన వాకిట్లో పడేసి వచ్చావు. తెల్లారి ఆయన వేరుశనగ విత్తుతాడు. గింజ ఎట్లా పడుతుందో, సాయంత్రానికి నీ వంశం గురించి ఏమంటాడో ఊహించుకో. మిషన్ చెడలేదు, దొంగతనమూ జరగలేదు. మార్చినవాడు మళ్ళీ యథాస్థానానికి తిప్పలేదు, అంతే.

తిప్పడం ఏమైనా బ్రహ్మవిద్యా అంటే, కాదు. మార్చబోయే ముందు ఇప్పుడున్న అమరిక ఏమిటో ఒక్క పిలుపుతో అడిగి దాచుకోవాలి. పోయేటప్పుడు ఇంకో పిలుపుతో దాన్నే తిరిగి వేయాలి. 1988 నాటి పాసిక్స్ ప్రమాణం ఈ రెండు పిలుపులనూ అన్ని యూనిక్స్‌లకూ ఒకే తీరుగా ఖాయం చేసింది. సి భాష రానివాడికి ఆదేశాలు అందుకునే షెల్‌లోనే ఎస్‌టీటీవై ఆదేశం ఉంది. దాని వెనక 'మైనస్ జి' తగిలిస్తే ఉన్న అమరికంతా ఒక్క లైనులో పోగుపోసి ఇస్తుంది. ఆ లైనును దాచుకుని, చివర్లో మళ్ళీ ఎస్‌టీటీవైకే తినిపిస్తే సరి. రెండే రెండు లైన్లు. నలభై పేజీల ప్రాజెక్టు రిపోర్టులో కృతజ్ఞతలకే రెండు పేజీలు తగలేసే పిల్లలకు, వాళ్ళ గైడ్లకు ఈ రెండు లైన్లు బరువయ్యాయి.

ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును నడిపేటప్పుడు వ్యవహారం ముదురుతుంది. ఇది అరుదైన సంగతేమీ కాదు. కోడులో మార్పులు దాచిపెట్టే గిట్ కమిట్ సందేశం కోసం ఎడిటర్‌ను పిలుస్తుంది, లాగ్ చూపించడానికి పేజీలు తిప్పే లెస్‌ను పిలుస్తుంది. మట్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము ఉత్తరం రాయించడానికి ఎడిటర్‌ను పిలుస్తుంది. తెర నిండా నడిచే ప్రోగ్రాములకు కెన్ ఆర్నాల్డ్ బెర్కిలీలో కర్సెస్ అనే లైబ్రరీ రాసిపెట్టాడు. అందులో ఈ మర్యాదంతా ముందే అమర్చి ఉంది: నీ మోడ్ గుర్తు పెట్టుకో, తెరను మామూలు స్థితికి తెచ్చి అప్పగించు, పిల్లను, అంటే నువ్వు పిలిచిన ప్రోగ్రామును, నడిపించు, అది ముగిసేదాకా ఆగు, ఆ తర్వాత నీ మోడ్ మళ్ళీ వేసుకుని తెరంతా కొత్తగా గీసుకో. మాన్యువల్‌లో అరపేజీ కూడా ఉండదు.

మనవాడు చేసేది వేరు. తెర రా మోడ్‌లో ఉండగానే 'సిస్టమ్' అని ఒక్క కేక వేసి పిల్లను వదులుతాడు. పిల్ల అమాయకంగా, మామూలు తెర అనుకుని నాలుగు లైన్లు రాస్తుంది. కొత్త లైనుకు దిగినప్పుడు ఎడమ అంచుకు తిరిగి రావాలని చెప్పే అమరిక అప్పటికే తీసేసి ఉంది. కాబట్టి మొదటి లైను ఎక్కడ ఆగిందో రెండోది అక్కడే కింద మొదలవుతుంది, రెండోది ఆగినచోట మూడోది. పాఠమంతా మెట్లు మెట్లుగా కుడివైపుకు దిగి గోడకు కొట్టుకుంటుంది. లేపాక్షి గుడి మెట్లు కూడా అంత తీరుగా ఉండవు. కంట్రోల్-సి కొడదామంటే దాన్ని పట్టుకుని సిగ్నల్ పంపే పనిలోంచి కెర్నెల్‌ను ముందే తప్పించారు. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగితే, "అవుట్‌పుట్ వచ్చింది కదా సార్" అంటాడు. వచ్చింది నాయనా, వంకరగా వచ్చింది.

పోనీ, ఈ అమరికలన్నీ రాసి ఉండే పుస్తకం ఒక్కటే అయితే ఎట్లాగో సర్దుకోవచ్చు. ఇక్కడ పుస్తకాలు రెండు. ఎకో, లైను పట్టడం, కంట్రోల్-సి వంటివి కెర్నెల్ పుస్తకంలో ఉంటాయి. పాత తెరను దాచి రెండో తెర తెరవడం, మౌస్ కదలికలు పంపమనడం, కర్సర్‌ను మాయం చేయడం, ఇవన్నీ మనం చూస్తున్న టెర్మినల్ కిటికీ సొంత పుస్తకంలో ఉంటాయి. ఎస్‌టీటీవై మొదటిదాన్నే సరిచేస్తుంది. రెండోదానికి రీసెట్ ఆదేశం కావాలి. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. ఎక్కడో ఉన్న సర్వరులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరి, తెర నిండా నడిచే ప్రోగ్రాము తెరిచి కూర్చున్నప్పుడు కరెంటు పోయి రౌటర్ పడుకుంటుంది. మన పల్లెల్లో కరెంటు ముందు చెప్పి పోదు కదా. కనెక్షన్ తెగిందని తెలిశాక ఇవతలి ఎస్‌ఎస్‌హెచ్ కెర్నెల్ అమరికను బుద్ధిగా తిరిగి వేసే పోతుంది. కానీ అవతలి ప్రోగ్రాము తిప్పిన మౌస్ మర ఇక్కడి కిటికీలో అట్లాగే మిగిలిపోతుంది. ఇక మీరు మౌస్‌ను ఇటు కదిలిస్తే నాలుగంకెలు, అటు కదిలిస్తే ఓ సెమీకోలన్, ఓ పెద్ద ఎం. తెర మీద చీమలు పారినట్టు అంకెలు పారుతుంటాయి. తప్పెవరిదని అడగండి. సర్వరు మీద ఉన్న ప్రోగ్రాము "నన్ను చంపేశారు, నేనేం చేసేది" అంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ "నా వంతు నేను చేశా" అంటుంది. కిటికీ "నాకెవరూ చెప్పలేదే" అంటుంది. తిలాపాపం తలా పిడికెడు.

వీడియోలు కోయడానికి, అతకడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోల నుంచి యూట్యూబ్ దుకాణాల దాకా అందరూ దాన్నే నమ్ముకున్నారు. నడిచేటప్పుడు మధ్యలో 'క్యూ' నొక్కితే ఆగడానికి వీలుగా అది టెర్మినల్‌ను మార్చుకుంటుంది, ఎకో కూడా ఆపేస్తుంది. పని పూర్తయితే తిరిగి వేస్తుంది, పాపం మంచిదే. మన స్క్రిప్టు శూరుడు మాత్రం రెండొందల క్లిప్పులకు రెండొందల సార్లు దాన్ని పిలుస్తూ, ఏదైనా ఆలస్యమైతే 'కిల్ మైనస్ 9' పెడతాడు. ఆ తొమ్మిదో నంబరు సిగ్నల్‌కు వీలునామా రాసుకునే వ్యవధి కూడా ఉండదు, తగిలిన క్షణమే చావు. ఎకో చీకట్లోనే ఉండిపోతుంది. టెర్మినల్ ముట్టుకోకు అని చెప్పడానికి 'నో ఎస్‌టీడీఇన్' అని ఒక సూచన ఆ ప్రోగ్రాములోనే ఉంది. అది తెలియాలంటే మాన్యువల్ చదవాలి. పెళ్ళి మంత్రాల అర్థం తెలిసినవాళ్ళు ఎందరో, ఈ సూచన తెలిసినవాళ్ళూ అందరే.

చచ్చేవాడు సర్దిపోతాడని నమ్మడం అందుకే వెర్రితనం. సర్దాల్సింది పంపినవాడు. పిల్లను పంపే ముందు తెర ఎట్లా ఉందో పంపినవాడే రాసుకోవాలి, అది ఎట్లా చచ్చినా తానే తిరిగి వేయాలి. బ్యాష్ షెల్ ఈ పెద్దరికం సగం నిలబెట్టుకుంది. పిల్ల ఏదైనా సిగ్నల్ దెబ్బకు చస్తే, బ్యాష్ తాను దాచుకున్న పాత అమరికను తిరిగి వేస్తుంది. పిల్ల తనంతట తాను ముగిసిపోతే మాత్రం, అది వదిలిపోయిన అమరికనే కొత్త అమరికగా అంగీకరించి దాచుకుంటుంది. ఇందులో న్యాయం లేకపోలేదు. ఎస్‌టీటీవై కూడా షెల్‌కు పిల్లే, అమరిక మార్చడమే దాని ఉద్యోగం. దాని పనిని వెంటనే చెరిపేస్తే ఇక అదెందుకు? కాబట్టి బాగుచేయడానికి వచ్చినవాడెవడో పాడుచేసి పోయినవాడెవడో షెల్‌కు తేడా తెలియదు. తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ బయటికి పోయాడంటే పెద్దమనిషే. తెలివైనవాళ్ళు జెడ్‌షెల్‌లో అమరికను గడ్డకట్టించి పెడతారు, ఎవడు ఏం తిప్పినా చెల్లదు.

ఇక్కడిదాకా వచ్చాక ఈ పీఠభూమి సంగతి చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. ఇక్కడ కూడా కార్యక్రమాలు కార్యక్రమాలను నడుపుతాయి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని అనంతపురం జిల్లాకు 1973-74లో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం వచ్చింది. 1995-96లో ఎడారి అభివృద్ధి కార్యక్రమం వచ్చింది. ఎడారిని అభివృద్ధి చేస్తామని పేరులోనే చెప్పారు, మనమే సరిగా వినలేదు. 2003లో హరియాలి అన్నారు. 2009-10లో అన్నిటినీ కలిపి సమగ్ర వాటర్‌షెడ్ నిర్వహణ కార్యక్రమం అన్నారు. 2015-16లో అదే ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో ఒక భాగమైంది. ల్యాబులో సారు చెప్పిన మాటే: క్లోజ్ చేసి ఇంకోటి ఓపెన్ చేసుకో పో. 2022 ఏప్రిల్ 4న జిల్లానే రెండు చేశారు, అనంతపురం ఒకటి, శ్రీ సత్యసాయి ఒకటి. కిటికీలు రెండయ్యాయి, కర్సర్ రెండింట్లోనూ కదలడం లేదు.

ఒక్కో కార్యక్రమం దిగేముందు ఉన్న స్థితి రాసుకోలేదని అనను. బేస్‌లైన్ సర్వే పేరుతో రాసుకుంటారు, ఫొటోలు కూడా తీస్తారు. తిరిగి పెట్టడానికి కాదు, బిల్లు పెట్టడానికి. చివర్లో పనులు పూర్తయినట్టు ధ్రువపత్రం వస్తుంది. ప్రోగ్రాముల భాషలో అది సున్నా. సున్నాతో ముగిసిందంటే అంతా సవ్యంగా జరిగిందని అర్థం. బ్యాష్ గుణం గుర్తుందిగా: మధ్యలో చచ్చిన పథకాన్నయితే ఆడిట్ వాళ్ళు తిరగేస్తారు, సవ్యంగా ముగిసినదాని తలుపు ఎవరూ తట్టరు. అది వదిలిపోయిన పూడిక, పగిలిన కట్ట, ఎండిన బోరు, అన్నీ కొత్త సాధారణ స్థితి. యూనిక్స్‌లో పిల్ల చచ్చాక పంపినవాడు వచ్చి కబురు అడిగేదాకా దాని పేరు పట్టికలో అట్లాగే ఉంటుంది, దాన్ని జాంబీ అంటారు. రిజిస్టర్లలో నీళ్ళు నిలబెడుతూ, వంకలో రాళ్ళుగా మిగిలిన చెక్‌డ్యాములకు ఇంతకన్నా సరైన పేరు ప్రభుత్వ ఉత్తర్వుల్లో నాకు దొరకలేదు.

మోడ్ మార్పు అంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే వేరుశనగను చూడండి. మా తాతల చేన్లలో కొర్ర, సజ్జ, జొన్న, కంది, అనుములు కలిపి విత్తేవాళ్ళు. ఒక వాన తప్పితే ఒక పంట పోయేది, ఇంకోటి నిలిచేది. ఎంటర్ దాకా లైను పట్టుకునే బఫర్ అది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చింది, సబ్సిడీ విత్తనం వచ్చింది, మద్దతు వచ్చింది. ఒక దశలో జిల్లాలో వేరుశనగ 8 లక్షల హెక్టార్ల చుట్టుపక్కలకు పోయింది. దేశంలో ఇంత వేరుశనగ ఇంకే జిల్లాలో లేదని సభల్లో చప్పట్లు కొట్టించుకున్నారు. మధ్యలో పట్టేవాడు లేడు. పడిన చినుకు పడినట్టు, పడనిది పడనట్టు నేరుగా రైతు నెత్తికే. అచ్చంగా రా మోడ్. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు వైరస్ దిగింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్లకు పైగా నష్టం. గట్ల మీద పెరిగిన వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ దాక్కుని ఉంటే, తామర పురుగులు దాన్ని మోసుకొచ్చి లేత మొక్కలకు అంటించాయని శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే ఆ గట్టు మీద ఎవరూ పిలవని పిల్ల ఒకటి ఎప్పట్నుంచో నడుస్తూనే ఉంది, ప్రధాన కార్యక్రమం నడిపే పెద్దలకు ఆ సంగతే పట్టలేదు. యూనిక్స్‌లో ఇది చెల్లదు. వెనక వరసలో నడిచే ప్రక్రియ ముందు తెర అమరికను ముట్టబోతే కెర్నెల్ సిగ్నల్ పంపి అక్కడికక్కడే నిలబెడుతుంది. మన గట్ల మీద ఆ కెర్నెల్ లేదు.

పాత అమరికకు తిరిగి పోదామంటే ఇప్పుడు అందరూ చిరుధాన్యాల మీద ప్రసంగాలు ఇస్తున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. హోటళ్ళలో కొర్ర ఇడ్లీకి మామూలు ఇడ్లీ కన్నా ఎక్కువ రేటు వేస్తున్నారు. కొర్ర విత్తిన ముసలాయన మాత్రం విత్తనం కోసం వెతుక్కుంటున్నాడు. దాచుకోకుండా చెరిపేసిన అమరికను తిరిగి వేయడం ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు వద్దు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలు చేన్ల మీదికి వస్తుంటే చూసినవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. అక్కడ రీసెట్ కొట్టే మీట లేదు.

ఎకో సంగతి చెప్పకపోతే అన్యాయం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశానికి ఆ పథకం మన కరువు నేల మీదే మొదలైంది, గర్వించాల్సిందే. అడిగితే పని, పని చేస్తే పదిహేను రోజుల్లో కూలి అని చట్టంలో రాశారు. ఆ తర్వాత ప్రోగ్రాము ప్రోగ్రామును పిలవడం మొదలైంది. పని కల్పించే పథకం హాజరు యాప్‌ను పిలిచింది. 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో తప్పనిసరి చేశారు. యాప్ ఆధార్‌ను పిలిచింది. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపే గతి అన్నారు. ఆధార్ బ్యాంకును పిలిచింది. ఎండలో మట్టి తవ్విన ఆడమనిషి కూలి ఎక్కడో మూడో మెట్టు దగ్గర 'ఇనాక్టివ్ ఆధార్' అన్న కారణంతో వెనక్కి పోతుంది. మూడో పిల్ల చనిపోయిందని రెండోది చెప్పదు, రెండోదాని గతి ఏమైందని మొదటిది అడగదు. ఆమె ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడుగుతుంది, బ్యాంకు మిత్రను అడుగుతుంది, సచివాలయంలో అడుగుతుంది. ఎంత గట్టిగా అడిగినా తెర మీద ఒక్క అక్షరం పడదు. టైపు చేస్తాండా, కనపడల్యా. ల్యాబులో పిల్లాడికైతే కనీసం కిటికీ మూసే హక్కుంది.

ఆ పిల్లాడు నాలుగో ఏడు అయ్యాక నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి ఎక్కి బెంగళూరు పోతాడు. అక్కడ ఈ మధ్య టెర్మినల్లోనే కూర్చుని మాట్లాడే, ఇతర ప్రోగ్రాములను తామే పిలిచి నడిపే ఏఐ సహాయకులను కట్టే పనులు కూడా వచ్చాయి. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును నడపడమే వాటి కాపురం. ఒకటి టెస్టులు నడుపుతుంది, ఒకటి ఎడిటర్ తెరుస్తుంది, ఒకటి వ్యవధి దాటిందని పిల్లను నరికేస్తుంది. టెలిటైపు కాలం నాటి ఈ అప్పు అక్కడ కూడా తీర్చాల్సిందే. జాగ్రత్తపరులు ప్రతి పిల్లకూ విడిగా ఒక నకిలీ టెర్మినల్ ఇచ్చి కూర్చోబెడతారు, అది ఏం తిప్పుకున్నా ఆ గదిలోనే తిప్పుకుంటుంది, అసలు తెర జోలికి రాదు. మనవాడు ఆ పని చేస్తాడా, లేక ల్యాబులో నేర్చుకున్న మంత్రమే అక్కడా జపిస్తాడా అన్నది వాడి సారు మీద ఆధారపడి ఉంది. సారు ఇంకా లేవలేదు.

ఆయన లేచేదాకా చీకట్లో పడ్డవాళ్ళకు పనికొచ్చే ముక్క చెప్పి పోతాను. అక్షరాలు కనపడకపోయినా కెర్నెల్ వింటూనే ఉంటుంది. ఎంటర్ పనిచేయకపోవచ్చు, కాబట్టి దాని బదులు కంట్రోల్-జె కొట్టండి. తర్వాత ఎస్‌టీటీవై సేన్ అని గుడ్డిగా టైపు చేసి మళ్ళీ కంట్రోల్-జె. ఎకో వచ్చేస్తుంది. తెర ఇంకా వింతగా ఉంటే రీసెట్ అని కొట్టి కంట్రోల్-జె.

జిల్లాకు రాబోయే తర్వాతి పథకం కోసం కూడా ఒక క్లాజు రాసి ఇస్తున్నాను, ఫీజు అక్కర్లేదు: "ఈ కార్యక్రమం ప్రారంభానికి ముందున్న స్థితిని అమలు చేసే అధికారి స్వయంగా నమోదు చేసి, గ్రామసభలో చదివి వినిపించవలెను. ఉపకార్యక్రమాలలో ఏది ఏ కారణంగా ఆగిపోయినను, ఆ స్థితిని తిరిగి నెలకొల్పు బాధ్యత దానిని పిలిచిన కార్యక్రమానిదే." ఫైలు పైకి పోతుంది. క్లాజు బాగుందంటారు. ముందున్న స్థితి నమోదుకు ఒక యాప్ కావాలని కన్సల్టెంటు సలహా ఇస్తాడు. యాప్ ఇంకో యాప్‌ను పిలుస్తుంది, అది ఓటీపీ అడుగుతుంది, ఓటీపీ పంపే సర్వరు ఆ పూట పడిపోయి ఉంటుంది.

"క్లోజ్ చేసి ఇంకోటి ఓపెన్ చేసుకో పోమ్మా" అంటాడు కౌంటర్లో కుర్రాడు.